మండ్రోలప్ప గుర్తున్నాడు, తెర్నేకల్ గుర్తులేదు

మంత్రాలయం పోయినవాళ్ళలో మన్రో దొర కథ వినని మనిషి ఉండడు. మఠం మాన్యాల సంగతి తేల్చడానికి కలెక్టరు హోదాలో వచ్చాడట, టోపీ తీసి, బూట్లు విప్పి లోపలికి పోయాడట, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనొక్కడికే కనపడి మాట్లాడాడట, పక్కనున్నవాళ్ళకి ఒక్క ముక్క కూడా వినపడలేదట. మాన్యాలు మఠానికే మిగిలాయట. ఎమ్మిగనూరులో, ఆదోనిలో పుట్టి పెరిగిన ఎవరినైనా నిద్రలేపి అడగండి, కథ పొల్లుపోకుండా చెప్తారు. మా వైపు పిల్లలకి మండ్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ దొర 1827లో కలరా వచ్చి చచ్చిపోయింది కూడా ఎక్కడో కాదు, మన పత్తికొండలోనే.

ఆ కథతో నాకేం పేచీ లేదు. భక్తి ఎవరిది వాళ్ళది. నా పేచీ ఇంకోటి. ఇదే మన్రో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నప్పుడు, 1801లో, ఆదోని ప్రాంతంలోనే తెర్నేకల్ అనే ఊరు కంపెనీకి శిస్తు కట్టనని ఎదురు తిరిగింది. కంపెనీ మనిషి చచ్చాడు. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యంతో వచ్చి కోటని ముట్టడించాడు. మొదటి దాడి ఫలించలేదు. రెండోసారి కోట పడింది, పడ్డాక లోపలున్నవాళ్ళలో బతికి బట్టకట్టింది కొద్దిమందే. ముత్తుకూరు గౌడప్ప అనే పేరు ఆ ఊరి చుట్టుపక్కల ఇంకా వినపడుతుంది. మిగతా పేర్లు ఏ కాగితం మీదా లేవు. తెర్నేకల్ ఇప్పుడు దేవనకొండ మండలంలో ఉంది, మంత్రాలయం పోయే భక్తులు అటు పోరు.

నిజానికి తెర్నేకల్ చిన్న లెక్క. అసలు పెద్ద లెక్క దాని తర్వాత డెబ్భై అయిదేళ్ళకి పడింది. దాన్ని మా వైపు ధాత కరువు అంటారు. మా అవ్వ, అన్నం కోసం ఎగబడే పిల్లల్ని "ధాత కరువులో నుంచి వచ్చినావేంరా" అని కసిరేది. ఆమె పుట్టేనాటికి ఆ కరువు పోయి అర్ధ శతాబ్దం దాటింది, అయినా మాట పోలేదు. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఆ ఏడాది వానలు ఎగ్గొట్టాయి. ఆ తర్వాత ఈశ్వర. అదీ బాగోలేదు. పుస్తకాల్లో దీన్ని 1876-78 మద్రాసు కరువు అని, దక్షిణ భారత మహాకరువు అని రాస్తారు. మొత్తం చచ్చినవాళ్ళ అంచనాలు యాభై ఆరు లక్షల దగ్గర మొదలై తొంభై ఆరు లక్షల దాకా పోతాయి.

ఇంత పెద్ద అంకెలు మన బుర్రకి ఎక్కవు కాబట్టి జిల్లా లెక్క చూద్దాం. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షల పద్నాలుగు వేల చిల్లర జనం. 1881లో ఆరు లక్షల డెబ్భై ఎనిమిది వేల చిల్లర. అంటే నాలుగోవంతు మాయం. ఆదోని, ఎమ్మిగనూరు అప్పట్లో కర్నూలు కాదు, బళ్ళారి జిల్లా (1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిసే దాకా అంతే). బళ్ళారి జిల్లాలో అదే పదేళ్ళలో సుమారు అయిదోవంతు తగ్గింది. ఇక్కడొక మాట ముందే చెప్పాలి, లేకపోతే కామెంట్లలో ఎవరో ఒకరు లెక్కలు పట్టుకొస్తారు. తగ్గినవాళ్ళంతా ఆకలితో చచ్చినవాళ్ళే కాదు. కలరాతో పోయినవాళ్ళున్నారు, వలసపోయి తిరిగిరానివాళ్ళున్నారు, ఆ రెండేళ్ళలో అసలు పుట్టని పిల్లలున్నారు. సరే, ఎవరెంత? ఏ తాలూకాలో ఎంత, ఏ శిబిరంలో ఎంత? దానికి సమాధానం కావాలనే నేనిదంతా రాస్తున్నది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ కరువు మీద, అంటే కరువు పేరుతో తను తీసుకున్న నిర్ణయాల మీద, అధికారికంగా విచారణ జరపాలి. తన ఖర్చుతో, తన రికార్డులన్నీ తెరిచి.

"వాన పడకపోతే బ్రిటిష్‌వాడేం చేస్తాడు?" అని అడిగే మిత్రులు నాకున్నారు. ఆఫీసు క్యాంటీన్‌లో ఈ మాట పది సార్లు విన్నాను. వాన పడకపోవడం వాడి చేతిలో లేదు, ఒప్పుకుందాం. మరి వాడి చేతిలో ఉన్నవేంటో చూద్దాం.

సర్ రిచర్డ్ టెంపుల్ అని ఒక అధికారి. 1873-74లో బీహార్‌లో కరువొస్తే ఈయనే బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. జనం దాదాపు చావలేదు. మెచ్చుకోవాలి కదా? లండన్లో తిట్టారు. డబ్బు దుబారా చేశాడని, సోమరిపోతుల్ని మేపాడని. ఎకానమిస్ట్ పత్రిక కూడా ఆ తిట్టినవాళ్ళలో ఉంది. మూడేళ్ళు తిరక్కుండా మన దగ్గర కరువొచ్చింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ 1876 చివర్లో అర్బత్‌నాట్ కంపెనీ ద్వారా గుట్టుగా ముప్పై వేల టన్నుల ధాన్యం కొనడం మొదలుపెడితే, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అక్షింతలు వేసి ఆపించింది. మార్కెట్‌లో సర్కారు వేలు పెట్టకూడదు, అదీ సిద్ధాంతం. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు, వారం పాటు విందులు. ఆ నెలలోనే టెంపుల్‌ని మద్రాసు రాజధానికి పంపారు, ఖర్చు తగ్గించమని.

ఆయన తగ్గించాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కాస్త చిల్లర. పౌను అంటే సుమారు నాలుగు వందల యాభై గ్రాములు. పప్పుకీ, ఉప్పుకీ, కట్టెలకీ అన్నిటికీ కలిపి ఆ చిల్లరే. దీనికే టెంపుల్ కూలి అని పేరొచ్చింది. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు, ఈ తిండితో గట్టి పని చేసే మనిషి బతకడని. ఆయన కూడా బ్రిటిషువాడే, సర్కారు ఉద్యోగే. కొన్ని నెలలయ్యాక మద్రాసు ప్రభుత్వం కూలి మళ్ళీ పెంచక తప్పలేదు. ఆ కొన్ని నెలల్లో ఎంతమంది?

ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం వాదనకి ఇదే కీలకం. టెంపుల్‌కి కరువులో జనాన్ని బతికించడం ఎలాగో తెలుసు. మూడేళ్ళ ముందు తనే చేసి చూపించాడు. తెలియక జరిగిన తప్పు వేరు, తెలిసీ బడ్జెట్ కోసం చేసింది వేరు. ప్రొడక్షన్‌లో సర్వరు పడిపోతే రూట్ కాజ్ రాయమని మన ప్రాణాలు తీస్తారే, "ఇదే మనిషి, ఇదే సమస్య, మొన్న పనిచేసిన పరిష్కారం ఈసారి ఎందుకు వాడలేదు?" అనేది అందులో మొదటి ప్రశ్న అవుతుంది. సమాధానం ఆర్డర్లలో ఉంది, మినిట్స్‌లో ఉంది, ఉత్తరాల్లో ఉంది. మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో వరసగా బైండు చేసి పెట్టి ఉంది. ప్రపంచంలో ఏ హంతకుడూ ఇంత శుభ్రంగా లాగ్ ఫైళ్ళు రాసిపెట్టుకోడు.

ఆదోని సంగతి ఇంకా చిత్రం. మద్రాసు నుంచి రాయచూరుకు పోయే రైలు మార్గం 1871కల్లా పూర్తయింది, ఆదోని మీదుగానే. రైళ్ళొచ్చాయి కాబట్టి ఇక కరువు చావులుండవని చెప్పేవాళ్ళు. రైల్లో ధాన్యం వచ్చింది, కొనేవాడి చేతిలో డబ్బు లేదు. అమర్త్య సేన్ 1981లో పుస్తకం రాసి చెప్పిన సంగతి, ఆకలి చావులకి తిండి లేకపోవడం కన్నా తిండి కొనే శక్తి లేకపోవడమే ఎక్కువ కారణమని, ఆదోని స్టేషన్లో కూర్చున్న కూలోడికి అప్పుడే తెలిసుంటుంది. ఇదే కాలంలో దేశం నుంచి ఇంగ్లండుకి గోధుమల ఎగుమతి ఆగలేదు సరికదా, రికార్డు స్థాయికి పోయింది. మూడు లక్షల ఇరవై వేల టన్నులు. మైక్ డేవిస్ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ కాలం మీద వందల పేజీలు రాశాడు, ఓపికున్నవాళ్ళు చదవండి.

మగ్గాలవాళ్ళ మాట కూడా చెప్పాలి, ఎమ్మిగనూరంటేనే మగ్గాలు కాబట్టి. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సొసైటీ పెట్టి ఊరికి పేరు తెచ్చారు, అది తర్వాతి కథ. 1877లో సొసైటీ లేదు, ఏమీ లేదు. కరువులో మనిషి మొదట మానేసేది కొత్త బట్ట కొనడం. పంట పోయిన రైతు కన్నా ముందే నేతగాడు పస్తు పడుకుంటాడు. వాడికి సర్కారు చూపించిన దారి, పోయి రోడ్డు పనిలో కంకర కొట్టు అని. గుంటమగ్గంలో కూర్చుని పుట్టినప్పట్నుంచీ పోగులు లాగిన చేతులు అవి. నేతగాళ్ళకి నేత పనే ఇచ్చి కూలివ్వాలన్న ఆలోచన తర్వాత వచ్చింది, ఆలస్యంగా.

"దీని మీద అప్పుడే కమిషన్ వేశారు కదా" అనేది రెండో అభ్యంతరం. వేశారు. 1878లో వేశారు, 1880లో రిపోర్టిచ్చింది. అధ్యక్షుడు సర్ రిచర్డ్ స్ట్రాచీ. లిట్టన్ కౌన్సిల్లో ఖజానా తాళాలు పట్టుకుని ఖర్చు తగ్గించమన్న ఆర్థిక సభ్యుడు సర్ జాన్ స్ట్రాచీ. ఇద్దరూ సొంత అన్నదమ్ములు! మనూర్లో పంచాయితీ పెట్టినా ముద్దాయి అన్నని పెద్దమనిషిగా కూర్చోబెట్టరప్పా. ఆ కమిషన్లోనే కెయిర్డ్, సలివన్ అనే ఇద్దరు సభ్యులు విభేదించి విడిగా రాశారు. కరువు బీమా అని 1878లో పన్నులు వేసి, మళ్ళీ కరువొస్తే వాడతామన్నారు. ఆ వెంటనే అఫ్ఘాన్ యుద్ధం వచ్చింది, ఆ డబ్బు అటు మళ్ళిందని ఇంగ్లండులోనే గొడవ జరిగింది. కాబట్టి 1880 రిపోర్టు విచారణ కాదు. కరువులో ఎలా నడుచుకోవాలో భవిష్యత్తుకి రూల్స్ రాసుకోవడం. ఆ రూల్స్‌లో పనికొచ్చేవి ఉన్నాయి, కాదనను. తప్పెవరిదో మాత్రం అందులో లేదు.

మూడోది, అందరూ వేసే ప్రశ్న: నూట యాభై ఏళ్ళయింది, బాధితులూ లేరు, దోషులూ లేరు, ఇప్పుడెందుకు?

ఐర్లండు కరువు 1845లో మొదలైంది. అదే సామ్రాజ్యం, అదే మార్కెట్ సిద్ధాంతం, పది లక్షల మంది చనిపోయారు. 1997లో ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్ పేరుతో ఒక ప్రకటన వచ్చింది, ఆనాటి లండన్ పాలకులు తమ జనాన్ని కాపాడలేకపోయారని. ఐర్లండులో సభ పెట్టి ఒక సినిమా నటుడి చేత చదివించారు. (2021లో పాత ఫైళ్ళు బయటపడితే తేలిందేమిటంటే, బ్లెయిర్ దొరక్కపోతే ఆయన కింది ఉద్యోగులే అది రాసి పంపేశారట! మనకి అలాంటి పొరపాటు ప్రకటన కూడా రాలేదు.) జర్మనీ 1904-08 మధ్య నమీబియాలో హెరెరో, నామా జాతుల మీద చేసింది జాతి హననమే అని 2021లో ఒప్పుకుంది, 110 కోట్ల యూరోలు ఇస్తామంది. ఆ బేరం తమని అడక్కుండా కుదిర్చారని ఆ జాతులవాళ్ళు గొడవ చేస్తున్నారు, అది న్యాయమైన గొడవే. అయినా నూరేళ్ళ పైబడిన సంగతిని ఒక ప్రభుత్వం తిరగదోడింది కదా. డచ్చివాళ్ళని చూడండి. ఇండోనేషియాలో 1945-49 మధ్య తమ సైన్యం చేసిన ఘోరాల మీద మూడు పరిశోధన సంస్థలకి 41 లక్షల యూరోలిచ్చి అధ్యయనం చేయించారు. 2022 ఫిబ్రవరిలో రిపోర్టొచ్చింది, అదేదో కొందరు సైనికుల వెర్రి కాదు, పద్ధతి ప్రకారం జరిగిన హింస అని. అదే రోజు ప్రధాని రుట్టే క్షమాపణ చెప్పాడు. 41 లక్షల యూరోలంటే మనలో చాలామంది పనిచేసిన ఒక మోస్తరు ప్రాజెక్టు బడ్జెట్!

ఇంగ్లండు దాకా వస్తే, కెన్యా మౌ మౌ కేసుంది. శిబిరాల్లో చిత్రహింసలు పడ్డ ముసలివాళ్ళు లండన్ హైకోర్టుకెళ్ళారు. బాధ్యత ఇప్పుడు కెన్యా ప్రభుత్వానిదని బ్రిటన్ వాదించింది, కోర్టు ఒప్పుకోలేదు. ఆ కేసు నడుస్తుండగా 2011లో హాన్‌స్లోప్ పార్క్‌లో దాచిపెట్టిన పాత వలసల ఫైళ్ళు బయటపడ్డాయి, దాదాపు 8,800. 2013 జూన్‌లో విదేశాంగమంత్రి హేగ్ పార్లమెంటులో విచారం ప్రకటించి 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామన్నాడు. మనకి బతికున్న సాక్షి లేడు, కోర్టుకి పోయే దారి లేదు, నష్టపరిహారం ఎవరికిస్తారో తెలియదు. నేనడిగేది డబ్బు కాదు కూడా. మనదాంట్లో జలియన్‌వాలాబాగ్ ఒక్కటే బ్రిటిష్ ప్రధానుల నోటికొచ్చింది. 2013లో కామెరాన్ అమృత్‌సర్ వచ్చి సిగ్గుచేటు అన్నాడు, 2019లో థెరెసా మే విచారం అంది. క్షమాపణ అనే మాట ఇద్దరూ వాడలేదు. అక్కడ అధికారిక లెక్క 379 మంది. ఆ చావుల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తుపాకీతో చంపితే గుర్తుంటుంది, ఆర్డరు కాగితంతో చంపితే గుర్తుండదు అన్నదే నా బాధ.

మన తెలుగు ఐటీ జనం మీద కూడా నాకు కోపముంది. బ్రిటిష్‌వాళ్ళ గురించి మనకి రెండే మూడ్‌లు. ఒకటి, కాటన్ దొర లేకపోతే గోదావరి ఏమయ్యేది, మన్రో ఎంత ధర్మాత్ముడు అనే మూడ్. రెండోది, మెకాలే 1835లో అన్నాడంటూ ఒక దొంగ కొటేషన్ని ఇరవై ఏళ్ళుగా మెయిళ్ళలో, ఇప్పుడు వాట్సప్‌లో తిప్పే మూడ్. మెకాలే ఆ మాటలు అనలేదు మహాప్రభో, ఎన్నిసార్లు చెప్పినా పండక్కోసారి మళ్ళీ వస్తుంది. అబద్ధపు కొటేషన్‌కి దేశభక్తి పొంగుతుంది, అధికారికంగా అచ్చయిన జనాభా లెక్కకి ఒక్కడికీ రక్తం మరగదు. పైగా ఆ దొంగ కొటేషన్ల వల్లే మనం నిజం చెప్పినా అవతలివాడు నమ్మడు. పద్ధతిగా ఒక విచారణ జరిగి, రిపోర్టు బయటికొస్తే, మనవాళ్ళ పుకార్లూ ఆగుతాయి, వాళ్ళ దబాయింపులూ ఆగుతాయి.

"ముందు మన ప్రభుత్వాల్ని అడుగు, ఇప్పటికీ కోసిగి, పెద్దకడుబూరు నుంచి జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు పోతున్నారు, పిల్లల చదువులు ఆగిపోతున్నాయి, తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు చివరిదాకా రావు" అంటారు. అడుగుదాం. అడుగుతూనే ఉన్నాం. కానీ ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు, ఒకే జబ్బు. రాయలసీమ అంటే కరువుసీమ అని ఒక పేరు పెట్టేశారు. పేరు పెట్టేశాక ఇక అది ప్రకృతి, ఎవరి బాధ్యతా కాదు. 1877లో జనాన్ని చంపింది ఎండ కాదు, ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్డరు అని ఒక్కసారి అధికారికంగా తేలితే, తర్వాతి ప్రభుత్వాల్ని కూడా "మీ ఆర్డర్లు చూపించండి" అని అడగొచ్చు. ఆ భయం వల్లేనేమో మనవాళ్ళు కూడా ఈ సంగతి ఎత్తరు.

ఇంకో మాట. ఇది తెల్లవాళ్ళ మీద కసి కాదు. టెంపుల్ కూలిని ఎదిరించిన కార్నిష్ తెల్లవాడే. కరువు చరిత్ర రెండు సంపుటాలుగా 1878లో అచ్చేసి లిట్టన్ ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసిన విలియం డిగ్బీ, మద్రాసులో పత్రికా సంపాదకుడు, తెల్లవాడే. ఫ్లోరెన్స్ నైటింగేల్ అదే ఏడాది పత్రికలో రాసింది. లండన్ మేయర్ నిధికి మామూలు జనం చందాలిచ్చారు. వాళ్ళ వారసులకి కూడా ఆ రిపోర్టు చదివే హక్కుంది. వాళ్ళ స్కూలు పుస్తకాల్లో ఆదోని, బళ్ళారి పేర్లు ఒక పేరాగా అయినా రావాలి.

మరి ఎవరు చేయాలి? భారత ప్రభుత్వం అధికారికంగా అడగాలి, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు తమ దగ్గరున్న రికార్డులు స్కాన్ చేసి పెట్టాలి. అది ఎప్పుడు జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంతకన్నా తొందరగా జరిగేదొకటుంది. లండన్, రీడింగ్, మిల్టన్ కీన్స్, మాంచెస్టర్‌లలో వేలమంది తెలుగు ఇంజనీర్లున్నారు. వీసా మీదున్న భారత పౌరుడికి కూడా అక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది, కామన్వెల్త్ దేశస్తుడు కాబట్టి. చాలామంది పేరు నమోదు చేయించుకోరు, అమెరికాలో లాగా ఇక్కడా లేదనుకుంటారు. ఉంది. ఓటుంటే ఎంపీ మీ ఉత్తరం చదువుతాడు, కనీసం చదివినట్టు జవాబిస్తాడు.

రెండోది, అక్కడి పార్లమెంటు పిటిషన్. బ్రిటన్‌లో నివసించే ఎవరైనా పెట్టొచ్చు. మొదలుపెట్టేవాడికి ఇంకో అయిదుగురి మద్దతు చాలు, ఆరు నెలలు తెరిచి ఉంటుంది. పదివేల సంతకాలకి ప్రభుత్వం జవాబు రాసి తీరాలి. లక్ష దాటితే చర్చకి పరిశీలిస్తారు. ఉగాదికి, సంక్రాంతికి హాలు బుక్ చేసి పులిహోర వండే తెలుగు సంఘాలకి పదివేలు పెద్ద లెక్కా?

అందులో రాయాల్సింది కూడా ఎక్కువేం లేదు. మద్రాసు రాజధానిలో 1876-78 కరువు నిర్ణయాల మీద, ప్రభుత్వంతో సంబంధం లేని చరిత్రకారులతో, సగం మంది మనవైపు వాళ్ళతో, డచ్చి పద్ధతిలో అధ్యయనం జరిపించాలి. ఇండియా ఆఫీసు కరువు రికార్డులన్నీ స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చూసేలా పెట్టాలి. తాలూకాల వారీగా చావుల లెక్క తేల్చాలి, ఆదోని తాలూకాతో సహా. 1801 తెర్నేకల్ ముట్టడి కాగితాలు కూడా అందులో చేర్చాలి. రిపోర్టు వచ్చాక దాన్ని పార్లమెంటులో పెట్టి, ప్రధానమంత్రే లేచి నిలబడి చదవాలి. ఇంగ్లీషు పదాలు సరిచూడ్డానికి ఎవరైనా ముందుకొస్తే ముసాయిదా నేను రాసిస్తాను, సంతకం మాత్రం అక్కడున్నవాళ్ళే పెట్టాలి.